వేగము కడపటి పాఠము

చిరంజీవిని అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది. 

నీ జాబు నిన్న చేరినది. తొమ్మిదేండ్ల నీ జేగురువన్నె గోడిగను ఇకమీదట వెస్టర్న్ ప్లెజర్ పోటీలకు గొనిపోక బ్యారెల్ రేసింగునకు మలచుకొన నిశ్చయించితినని వ్రాసి, ఆ మార్పు సాధ్యమగునా, సాధ్యమైనచో దేనితో ఆరంభింపవలెనని అడిగితివి. ఉత్తర టెక్సస్ గుఱ్ఱపుసాలలలో పశువైద్యుడనై గుఱ్ఱముల కాళ్ళు తడుముచు వయసంతయు గడపినవాడను గావున, ఈ ప్రశ్న నీవు నన్నడుగుట నాకు మిక్కిలి సంతోషమును కలిగించినది. సాధ్యమే తల్లీ. అయితే ఒక్క నియమము కలదు. ఈ విద్యలో చూపఱుల కంటికి మొట్టమొదట కనబడునది వేగము. నీవు నీ గోడిగకు కట్టకడపట నేర్పవలసినదియు ఆ వేగమే. ఈ వరుస తలక్రిందులైన చోటనే మంచి గుఱ్ఱములు మనసు విఱిగియో, కాలు విఱిగియో చెడిపోవుచున్నవి. ఇందు నేను చెప్పబోవునదంతయు ఈ ఒక్క మాటకు వివరణమే.

బ్యారెల్ రేసింగు చరిత్ర నీకు కొంత తెలిసియే యుండును. 1948లో మన టెక్సస్‌లోని శాన్ ఏంజెలో పట్టణమున 38 మంది స్త్రీలు సమావేశమై, రోడియో రంగములలో తమకును న్యాయమైన పోటీలు ఉండవలెనని గర్ల్స్ రోడియో అసోసియేషన్‌ను స్థాపించిరి. 1981లో అదియే విమెన్స్ ప్రొఫెషనల్ రోడియో అసోసియేషన్ అను పేరు దాల్చినది. క్రీడ చూచుటకు అత్యంత సరళము. త్రికోణముగా నిలిపిన మూడు పీపాలు. మొదటి రెంటి నడుమ 90 అడుగులు, ఆ రెంటినుండి మూడవదానికి 105 అడుగులు, ఆరంభరేఖ నుండి మొదటి రెంటికి 60 అడుగులు. మూడింటిని వరుసగా చుట్టి, మూడవదానినుండి తిన్నగా రేఖ వఱకు దౌడు తీయవలెను. పీపా కూలినచో 5 సెకనులు దండుగ. వరుస తప్పినచో ఆ పరుగు లెక్కకే రాదు. ఇట్టి ప్రామాణికరంగమును నేర్పరులు సుమారు 17 సెకనులలో ముగింతురు. కాని ఆ 17 సెకనుల వెనుక ఎన్ని నెలల నడక కలదో చూపఱులకు తెలియదు.

ఇక నీ గోడిగ ఇన్నాళ్ళు నేర్చిన విద్యను తలచుకొనుము. అమరకోశము గుఱ్ఱమునకు ఐదు గతులు చెప్పినది; వెస్టర్న్ ప్లెజర్ నడకయైన వాక్, మెల్లని పరుగైన జాగ్, మెల్లని దౌడైన లోప్ అను మూడింటితోనే తృప్తిపడి, ఆ మూడింటిని మాత్రము ఎంత మందముగా, ఎంత సమముగా, పగ్గములు వ్రేలాడుచుండగా ఎంత ప్రశాంతముగా నడపింపవచ్చునో పరీక్షించును. ముందున్న గుఱ్ఱమును దాటవలెనని అది త్వరపడిన ప్రతిసారియు దానికి మందలింపే లభించినది; త్వరపడుట తప్పను పాఠము దాని నరనరమున ఇంకిపోయినది. అందుచేత ఆ విద్యయంతయు వ్యర్థమైనదనియు, దానినంతయు మఱపించి క్రొత్తగా మొదలిడవలెననియు నీకు చెప్పువారుందురు. వారి మాట నమ్మవలదు. మడమ తాకినంతనే పక్కటెముకలను వంచుట, భుజము వ్రాలనీయక ఎత్తిపట్టుట, జనసమ్మర్దములోను మైకుల హోరులోను చెదరక నిలుచుట, కోరిన లీడులో (కోరిన వైపు కాలు ముందుండునట్లు) లోప్ అందుకొనుట — ఇవన్నియు బ్యారెల్ గుఱ్ఱమునకు మూలధనము. కుడి పీపాతో ఆరంభించు రౌతు మొదటి మలుపును రైట్ లీడులో తిరిగి, ఒకటవ రెండవ పీపాల నడుమ లీడు మార్పించి, తక్కిన రెండు మలుపులను లెఫ్ట్ లీడులో తిరుగవలెను. పరుగు నడుమ లీడు మార్చుట ఎఱుగని గుఱ్ఱమునకు ఈ ఒక్క విషయమే నెలల తరబడి శ్రమ. హార్స్‌మన్‌షిప్ పోటీలకై నీవు ఓర్పుతో నేర్పిన ఫ్లయింగ్ చేంజ్ ఇచట నీకు అక్కఱకు వచ్చును.

మొదట దేహమును గూర్చి చెప్పెదను. క్రొత్త జీను కొనక మునుపే అశ్వవైద్యునిచేత పరీక్ష చేయింపుము. పీపా చుట్టు తిరుగు గుఱ్ఱపు బరువు చాలవఱకు వెనుకకాళ్ళ కీళ్ళపై పడును గావున, హాక్, స్టైఫిల్ అను ఆ రెండు కీళ్ళను వంచి చూడవలెను, అవసరమైనచో ఎక్స్‌రేలు తీయింపవలెను. ముందరి గిట్టల విషయమునను ఇట్లే. దాని వంశపత్రములో ఇంప్రెసివ్ అను గుఱ్ఱము పేరు ఎచటనైన ఉన్నచో, ఆ వంశములో వచ్చు హెచ్.వై.పి.పి. అను జన్యుదోషమునకు పరీక్ష తప్పక చేయింపుము. ఆ దోషము గల గుఱ్ఱమునకు రక్తములో పొటాసియము పెరిగి కండరములు వణకును, ఒక్కొక్కప్పుడు నిలుచున్నది నిలుచున్నట్లే కుప్పకూలును. దౌడులో నున్నప్పుడు ఆ స్థితి వచ్చినచో రౌతు ప్రాణమునకే ముప్పు.

పరీక్షలో గెలిచినపిమ్మట మొదటి మూడునెలలు పీపాల మాట తలపెట్టకుము. ఆరుబయట పచ్చికబయళ్ళలో, జాగ్‌కన్న అడుగు బాగుగా చాచిన ట్రాట్‌లో, వారమునకు కొంత చొప్పున సమయము పెంచుచు నడపుము. మెరక దొరకినచో ఎక్కింపుము. ఇచట ఒక రహస్యము కలదు. కసరత్తునకు గుండెయు ఊపిరియు కొలది వారములలోనే బలపడును, కండరములకు కొన్ని నెలలు పట్టును, స్నాయువులును ఎముకలును వీనికన్న ఎంతయో ఆలస్యముగా దృఢపడును. కనుకనే మూడవనెల నాటికి గుఱ్ఱము ఉత్సాహముతో ఎగసిపడుచు, ఇక నేను సిద్ధమే యని రౌతును నమ్మించును. కాళ్ళు మాత్రము ఇంకను సిద్ధపడి యుండవు. ఆ ఉత్సాహమును చూచి మోసపోవలదు. ప్రతిదినము పని ముగిసినపిమ్మట వంగి, మోకాటి క్రిందినుండి చీలమండ కీలు వఱకు అరచేతితో మెల్లగా తడుముము. వెనుకవైపు స్నాయువు బిగించిన త్రాడువలె సన్నగా, గట్టిగా, చల్లగా నుండవలెను. ఎడమకాలికిని కుడికాలికిని నడుమ ఏ కొంచెము వేడి తేడా తోచినను, ఎచటనైన వ్రేలు నొక్కినపుడు గోడిగ కాలు లాగికొన్నను, మఱునాడు జీను వేయక వైద్యునికి కబురు పంపుము. ఇది నేర్చుకొన్న అరచేయి నీకు ఏ యంత్రముకన్నను ముందుగా హెచ్చరిక చెప్పును.

మేతయును మాఱవలెను. శ్రమ పెరిగినదని దాణా ఒక్కసారిగా పెంచకుము. కడుపులో పుండ్లు పుట్టి, గుఱ్ఱము చిరాకుపడును; అది దాని స్వభావమే యని అందఱును అనుకొందురు. ఎండుగడ్డి దినమంతయు దాని ముందుండవలెను. ట్రెయిలర్ ఎక్కింపక మునుపును, పరుగునకు మునుపును కొంత అల్ఫాల్ఫా పెట్టవలెను. ఖాళీ కడుపుతో పరుగెత్తింపరాదు.

సామగ్రి విషయము క్లుప్తముగా వ్రాసెదను. వెండి తొడుగుల షో జీను బరువైనది, మలుపులో నిన్ను నిలుపదు. లోతైన ఆసనము, ఎత్తైన హారన్ గల తేలికైన బ్యారెల్ జీను దాని వీపునకు సరిపోవునట్లు చూచుకొనుము. ఒంటిచేతి పగ్గములకును పొడవైన కాడల కళ్ళెమునకును అలవాటుపడిన నోటికి మరల సాదా స్నాఫిల్ కళ్ళెము తగిలించి, రెండుచేతుల పట్టునకు అలవాటు చేయుము. కాళ్ళకు స్ప్లింట్ బూట్లు, ముందరి గిట్టలకు బెల్ బూట్లు. నీ తలకు హెల్మెట్; దీనిని గూర్చి మీ అమ్మకు నేను మాట యిచ్చియున్నాను.

నాలుగవనెలలో పీపాల వద్దకు నడకలో పొమ్ము. పీపాకును నీకును ఐదారడుగుల ఎడము — ఇచటివారు దీనిని పాకెట్ అందురు — నిలుచునట్లు సాగి, నీ మోకాలు పీపాకు ఎదురుగా రాక మునుపే జీనులో లోతుగా కూర్చుండి, ఊపిరి విడిచి, గోడిగ తన వెనుకకాళ్ళను పొట్టక్రిందికి తెచ్చుకొని నెమ్మదించువఱకు వేచియుండుము. ఈ నెమ్మదించుటయే రేట్. అటుపిమ్మట లోపలి పగ్గముతో దాని కనుకొలికి నీకు కనబడునంత మాత్రమే ముక్కు త్రిప్పి, లోపలి మడమతో పక్కటెముకలను పీపాకు దూరముగా నిలిపి, చుట్టంతటను ఆ ఎడము తఱుగకుండ తిరిగి రమ్ము. నీ చూపు పీపాపై నిలువరాదు. పీపాను దాటి నీవు పోవలసిన త్రోవపై నుండవలెను. రౌతు చూపు పీపాపై నిలిచినచో దేహము అటు వాలును, దేహము వాలినచో గుఱ్ఱపు భుజము పడును, భుజము పడినచో పీపా కూలును. నడకలో తప్పులేక తిరిగినపిమ్మట ట్రాట్, అదియు కుదిరినపిమ్మట లోప్. ఏ మెట్టున తొట్రుపడినను సిగ్గుపడక క్రిందిమెట్టునకు దిగుము.

ఇక వేగము. దీనిని పీపాల వద్ద నేర్పరాదు. మెత్తని, గుంటలులేని తిన్నని బయలు చూచుకొని, దౌడు తెలిసిన తోటిగుఱ్ఱమొకటి ప్రక్కన నడువగా, ముందునకు వంగి పగ్గములు విడువుము. మొదటిసారి నీ గోడిగ నాలుగు దూకులు దూకి, ఒక చెవి నీవైపు త్రిప్పి, నీవు గుంజుదువేమోనని ఎదురుచూచుచు తనంతట తానే లోప్‌నకు దిగిపోవును. పంజరపు తలుపు తెఱచినను పెంపుడుచిలుక గడపమీదనే నిలిచి యజమానుని మొగము చూచును గదా. అప్పుడు గుంజకుము, కొరడాయు ఎత్తకుము. మెడ నిమిరి, నడిపించి, మరల అడుగుము. ఏండ్ల తరబడి తప్పని మందలించినదానినే నేడు ఒప్పని చెప్పుచున్నావు గనుక, ఆ మాట నమ్ముటకు దానికి వ్యవధి కావలెను. కొరడాతో తరిమి తెచ్చిన వేగములో భయముండును. భయపడిన గుఱ్ఱము పీపా చెంత నీ మాట వినదు. నీ అనుమతి నిశ్చయమని నమ్మి పరుగెత్తిన గుఱ్ఱము మాత్రము నీవు జీనులో కూర్చున్నంతనే నెమ్మదించును. అట్టి వేగము పట్టుబడిన తర్వాతనే దానిని కొంచెము కొంచెముగా పీపాల నడుమకు తెచ్చుకొనుము.

న్యూమెక్సికోలోని క్లేటన్‌లో పెరిగిన షార్మేన్ జేమ్స్, ఆమె గుఱ్ఱము స్కాంపర్ పేర్లు నీవు వినియుందువు. 1984 నుండి 1993 వఱకు వరుసగా 10 ప్రపంచ బిరుదులు గెలిచినవారు. 1985లో లాస్ వేగాస్‌లో జరిగిన నేషనల్ ఫైనల్స్ రోడియోలో పరుగు నడుమ స్కాంపర్ కళ్ళెము ఊడిపోయినది. అయినను అది మూడు పీపాలను వరుస తప్పక చుట్టి ఆనాటి పోటీని గెలిచినది. ఈ వృత్తాంతమును జనులు అద్భుతమని చెప్పుకొందురు. నేను మాత్రము అందు చక్కగా నేర్చిన పాఠమును చూచుచున్నాను. రౌతు దేహమే ఆజ్ఞగా గ్రహింప నేర్చిన గుఱ్ఱమునకు కళ్ళెము ఊడినను విద్య ఊడదు.

పోటీలకు పోవు నాటికి ఒక యేడు గడచినను ఆతురపడవలదు. జాక్‌పాట్లను చిన్న పోటీలలో కొంత రుసుము చెల్లించి ముందుగా ఎగ్జిబిషన్ రన్ చేసికొనవచ్చును. ఆరంభమున ట్రాట్‌లో తిరిగి రమ్ము, కాలమును లెక్కింపకుము. 1992లో ఏర్పడిన నేషనల్ బ్యారెల్ హార్స్ అసోసియేషన్ వేగమునుబట్టి పోటీదారులను శ్రేణులుగా విభజించును. అగ్రవేగమునకు అరసెకను, సెకను వెనుకబడినవారికిని వేఱువేఱు శ్రేణులలో బహుమతి దొరకును. నీవంటి క్రొత్తవారికి అది మంచి చోటు. పోటీ నేర్చినపిమ్మటను ఇంటివద్ద పీపాల చుట్టు దౌడు తీయింపకుము. అచట నడక, ట్రాట్, బయళ్ళలో విహారము మాత్రమే.

ఒకటి మాత్రము మనసున నిలుపుకొనుము. ద్వారము వద్ద గోడిగ మొండికెత్తినను, చెవులు వెనుకకు అణచినను, పీపా సమీపింపగనే తల విదిలించినను, దానిని మొండితనమని దండింపక ముందు నొప్పియేమో వెదకుము: వీపు, కీళ్ళు, దంతములు, కడుపు. నొప్పి లేదని తేలి, ఓర్పుతో మరల నేర్పినను అది ఇష్టపడనిచో, ఈ క్రీడ దానిది కాదని అంగీకరింపుము. అడుగు చాచి నడుచు గుఱ్ఱమును మెచ్చు రాంచ్ రైడింగ్ పోటీలు కలవు. అందు నీ ఏడాది శ్రమ వృథా కాదు. నీవు గుఱ్ఱమును ప్రేమించి ఈ క్రీడను కోరితివి. క్రీడకై గుఱ్ఱమును పోగొట్టుకొనుట మన ఇంటి ఆడపిల్లకు తగదు.

వచ్చు ఆదివారము ఉదయము నేను అచటికి వచ్చెదను. గోడిగకు ముందునాడు పని పెట్టక సాలలోనే ఉంచుము. కాళ్ళు నేనే తడిమి చూచి, వంశపత్రము చదివి, వైద్యుని అడుగవలసిన విషయములు నీకు వ్రాసియిచ్చెదను. జీను కొనుగోలు అంతవఱకు ఆపుము. నీకు ఓర్పును, నీ గోడిగకు ఆరోగ్యమును ఈశ్వరుడు ప్రసాదించుగాక.

ఇట్లు,
ఆశీస్సులతో,
పెదనాన్న.