ఒళ్లు ముందే చెప్తది: ఓ పీఈటీ సారు అనుభవ పాఠాలు

దేవరయాంజాల్‌లో తెల్లారకముందే రోడ్డు మీద ఉరుకుడు మొదలవుతుంది. పోలీసు కొలువు కోసమో, ఆర్మీ కోసమో తూంకుంట వైపు పరిగెత్తే పిల్లలు కొందరు. కొత్త విల్లాల నుంచి వాకింగ్‌కు వచ్చే పెద్దవాళ్లు కొందరు. పక్కనే హకీంపేటలో స్పోర్ట్స్ స్కూల్ ఉన్న ప్రాంతం మాది, కసరత్తు అంటే ఇక్కడ అందరికీ గౌరవమే. కానీ కోచ్ ఎవరూ లేకుండా సొంతంగా శ్రమించేవాళ్లకు ఎక్కడ ఆగాలో చెప్పేవాళ్లు లేరు. ఏళ్ల తరబడి పిల్లలను గ్రౌండ్‌లో దగ్గరుండి చూసినవాడిగా నాకు తెలిసింది వాళ్ల కోసం రాస్తున్నాను.

1. పొద్దున నాడి చూసుకోండి. పక్క దిగకముందే మణికట్టు మీద వేళ్లు పెట్టి నిమిషం నిండా లెక్కపెట్టండి. వారం రోజులు రాసుకుంటే మీ మామూలు లెక్క ఎంతో తేలుతుంది. జ్వరమేమీ లేకుండానే అది వరసగా రెండు మూడు రోజులు ఏడెనిమిది ఎక్కువగా కొట్టుకుంటుంటే, పాత శ్రమ ఇంకా ఒంట్లోంచి పోలేదేమో అనుకోవాలి. ఆ రోజు నడకతో సరిపెట్టండి.

2. కష్టం పెరిగి టైం కూడా పెరుగుతుంటే ఆగాలి. నేను ఎక్కువగా చూసింది ఇదే. 2022 తెలంగాణ పోలీసు నోటిఫికేషన్‌లో కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో ఉరకాలి, ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో. మొదట్లో ఆ టైం సులువుగా కొట్టిన పిల్లాడు, నెల తిరిగేసరికి అదే దూరానికి రొప్పుతుంటాడు. "ప్రాక్టీస్ చాలుతలేదు సార్" అని సాయంత్రం కూడా ఉరకడం మొదలుపెడతాడు. టైం ఇంకా పెరుగుతుంది. ఉరికినప్పుడు కండ నలుగుతుంది. తిండితో, నిద్రతో అది మళ్లీ కట్టుకుంటుంది, మునుపటి కన్నా గట్టిగా. ఆ వ్యవధి దొరకకపోతే నలిగినదే మళ్లీ నలుగుతుంది. అలాంటి పిల్లాడిని వారం ఆపి, తర్వాత సగం దూరంతో మొదలుపెట్టిస్తే టైం తిరిగి రావడం చాలాసార్లు చూశాను. అప్పటికీ రాకపోతే రక్తపరీక్ష చేయించండి, రక్తం తక్కువగా ఉన్నా ఇట్లాగే ఉంటుంది.

3. వేలితో చూపించగలిగే నొప్పి ప్రమాదం. ముంగాలు పొడవునా గుంజితే నాలుగు రోజులు ఆపి, బూట్లు మార్చి చూడొచ్చు. ఎముక మీద ఒక్క చోట, వేలు పెడితే చురుక్కుమనేలా, పడుకున్నా పోకుండా ఉందంటే సన్నని చీలిక అయి ఉండొచ్చు. మొదటి వారాల్లో ఎక్స్‌రేలో అది కనిపించకపోవచ్చు. "ఎక్స్‌రే మంచిగనే ఉంది" అని మళ్లీ గ్రౌండ్‌కు రాకండి, ఎముకల డాక్టరును ఎంఆర్ఐ గురించి అడగండి. పీవీ సింధు 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో బంగారు పతకం గెలిచింది. ఆ వెంటనే ఎడమ కాలి ఎముకలో ఇలాంటి చీలిక బయటపడితే, అదే నెలలో టోక్యోలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ను వదులుకుంది. మళ్లీ కోర్టులో దిగింది 2023 జనవరిలో. అంతటి క్రీడాకారిణి నెలల తరబడి ఆగింది. మన పిల్లలు నొప్పి మాత్ర వేసుకుని మర్నాడే ఉరుకుతున్నారు.

4. ఇంట్లో అమ్మ మాట వినండి. రాత్రి నిద్ర పట్టకపోవడం, అన్నం సహించకపోవడం, ఊరికే కసురుకోవడం, మాటిమాటికీ జలుబు. ఇవన్నీ గ్రౌండ్‌లో మాకు కనిపించవు, అమ్మకు కనిపిస్తాయి. ఆడపిల్లల విషయంలో మరొకటి: నెలసరి ఆగిపోతే "ప్రాక్టీస్ వల్లేలే" అని ఊరుకోకూడదు. శ్రమకు తగ్గ తిండి లేక ఒళ్లు ముందుగా ఆపేసే వాటిలో అదొకటి, ఆ తర్వాతి వంతు ఎముకలది. తిండి పెంచాలి, డాక్టరుకు చూపించాలి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

5. జిమ్‌లో కొత్తగా చేరి మొదటి రోజే విపరీతంగా చేసినవాళ్లకు ఒకటి రెండు రోజుల్లో మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే, కండలు వాచి నొప్పెడితే, అదే రోజు ఆసుపత్రికి పోవాలి. చితికిన కండలోని పదార్థం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

6. పెద్దవాళ్లకు పదివేల అడుగుల పట్టు అక్కర్లేదు. ఆ లెక్క 1965లో జపాన్‌లో అమ్మిన అడుగులు లెక్కపెట్టే ఒక మీటరు పేరులోంచి వచ్చింది. 2019లో హార్వర్డ్‌కు చెందిన ఐ-మిన్ లీ బృందం పదహారు వేలకు పైగా వృద్ధ మహిళలను పరిశీలించి, రోజుకు 7,500 అడుగుల దగ్గరే లాభం పెరగడం ఆగిపోతోందని చెప్పింది. వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు శ్రమ చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మోకాళ్లు వాచినా ఫోన్‌లో అంకె నిండలేదని రాత్రి పూట వరండాలో తిరగకండి. నడుస్తుండగా ఛాతీ బరువెక్కినా, కళ్లు తిరిగినా అక్కడే ఆగి మనిషిని పిలవండి.

7. ఒక్కరోజు మానాలంటే భయమేస్తోందా? పై గుర్తులన్నిటికన్నా ముందు నేను చూసేది ఆ భయాన్నే. అందుకే మా పిల్లలకు వారంలో ఒక రెస్టు రోజు ముందే కాగితం మీద రాయించేవాణ్ని. దూరం పెంచినా వారానికి పదోవంతుకు మించనిచ్చేవాణ్ని కాదు.

బిడ్డలారా, ఈవెంట్స్‌కు ముందు వారం శ్రమను సగానికి తగ్గించండి. ముంగాలి ఎముక మీద ఒక్క చోట నొప్పితో ఇది చదువుతున్నవాళ్లు రేపు పొద్దున గ్రౌండ్‌కు వెళ్లకండి, డాక్టరు దగ్గరికి వెళ్లండి.