విభజన సూత్రం – బట్టలారేసే తాడు

తమ్ముళ్లారా! నిరుడు మన రాజుపాలెం హాస్టల్లో ఉండి పదో తరగతి రాసిన మేము మీకు ఒకే ఒక్క లెక్క చెప్పదలిచాం. నిరూపక జ్యామితిలోని విభజన సూత్రం మాకు నోటికి వచ్చు. అయినా ప్రీ-ఫైనల్లో మాలో సగంమందిమి తప్పు రాశాం.

ఏ (2, 1), బీ (12, 6) బిందువులను కలిపే రేఖాఖండాన్ని 2 : 3 నిష్పత్తిలో అంతరంగా విభజించే బిందువు కనుక్కోవాలి. మేము (8, 4) అని రాశాం. అది ఆ రేఖ మీదే ఉంది కాబట్టి అనుమానం రాలేదు.

తప్పేమిటో బట్టలారేసే తాడు దగ్గర తెలిసింది. 5 మూరల తాడుకి ఏ గుంజ నుంచి 2 మూరల దగ్గర ముడి వేస్తే అవతల 3 మూరలు మిగులుతుంది. అంటే 2 : 3 అన్నప్పుడు ముడి ఏ నుంచి అయిదింట రెండు వంతుల దూరంలో ఉంటుంది. మూడింట రెండు వంతులు అనుకున్నవాళ్లూ మాలో ఉన్నారు!

ఇప్పుడు లెక్క చూడండి. ఏ నుంచి బీకి ఎక్స్ 10 పెరిగింది. అయిదు భాగాలు చేస్తే ఒక్కోటి 2, రెండు భాగాలు 4. కనుక ఎక్స్ = 2 + 4 = 6. వై 5 పెరిగింది, ఒక్కో భాగం 1, కనుక వై = 1 + 2 = 3. జవాబు (6, 3). అక్షాలకు లంబాలు గీస్తే సరూప త్రిభుజాలు వస్తాయి. అందుకే ఎక్స్, వై రెండూ అదే నిష్పత్తిలో తెగుతాయి.

సూత్రంలో వేసినా అంతే: (2×12 + 3×2) ÷ 5 = 6. మొదటి అంకె 2 అవతలి చివరనున్న బీని గుణిస్తుంది. మేము దాన్ని ఏకి అంటగట్టాం. 3 : 2కి రావలసిన జవాబు వచ్చింది. ముడి ఏ గుంజకు దగ్గరగా ఉందా అని ఒకసారి చూసుకుంటే ఆ మార్కులు పోయేవి కావు.

మరో మాట. సత్తెనపల్లి–పిడుగురాళ్ల రోడ్డును మన ఊరు ఏ నిష్పత్తిలో విభజిస్తుందని ఒకడు అడిగాడు. రోడ్డు వంకర తిరుగుతుంది నాయనా, ఈ సూత్రం సరళరేఖకే!

వై అక్షం (-4, 1), (6, 6) బిందువులను కలిపే రేఖాఖండాన్ని ఏ నిష్పత్తిలో విభజిస్తుందని అడిగితే కంగారు పడకండి. వై అక్షం మీద ఎక్స్ సున్న. -4 నుంచి సున్నకు 4, సున్న నుంచి 6కు 6. నిష్పత్తి 2 : 3, బిందువు (0, 3).

(3, 2), (12, 8) మధ్య రేఖాఖండాన్ని మూడు సమభాగాలు చేసే బిందువులు మీరే కట్టండి. ఒకసారి 1 : 2, ఒకసారి 2 : 1 తీసుకోవాలి. (6, 4), (9, 6) రాకపోతే తాడు దగ్గరకు వెళ్లండి.