క్రేను ఎంత బరువు లేపుతుంది? – ఎవరు చూస్తారు?

ఈసారి గోడపత్రికలో సైన్సు వ్యాసం నా వంతు. నేను టవర్ క్రేను గురించి రాస్తున్నాను. ఎందుకంటే ఎండాకాలం మన ఊర్ల నుంచి చాలామంది హైదరాబాదుకు బిల్డింగు పనికి పోతరు. వాళ్ల నెత్తి మీద తిరిగేది ఈ క్రేనే.

టవర్ క్రేను అంటే నిలువుగా ఒక ఇనుప స్తంభం, దాని మీద అడ్డంగా పొడుగు చెయ్యి. రెండో పక్క సమానం చేయడానికి కాంక్రీటు దిమ్మెలు పెడతారు. చెయ్యి వెంబడి ట్రాలీ అనే చిన్న బండి ముందుకూ వెనకకూ పోతుంది. కొక్కెం దానికే వేలాడుతుంది.

"ఇది ఎన్ని టన్నులు లేపుతది?" అంటే ఒక్క జవాబు ఉండదు. ఎంత దూరంలో అని కూడా అడగాలె. కావడి మోసినోళ్లకు ఇది తెలుసు. ఆరడుగుల కావడికి ఒక పక్క 20 కిలోలు, ఇంకో పక్క 10 కిలోలు ఉంటే భుజం మధ్యల పెట్టం. బరువు దిక్కు జరుపుతం. 20 కిలోలకు 2 అడుగులు, 10 కిలోలకు 4 అడుగులు. రెండు దిక్కులా గుణిస్తే 40 వస్తుంది. దీన్నే బల భ్రామకం అంటారు.

లెక్క కోసం ఒక క్రేను 120 టన్ను-మీటర్ల వరకు ఆగుతదనుకుందాం. 3 టన్నుల బరువును 20 మీటర్ల దగ్గర లేపితే 60 మాత్రమే. అదే బరువును 40 మీటర్లకు తీసుకపోతే 120. 50 మీటర్లకు పోతే 150, ప్రమాదం! బరువు ఒక్క కిలో కూడా పెరగలేదు, దూరమే పెరిగింది. డ్రైవరుకు పైనుంచి చూస్తే ఇది కంటికి తెల్వదు.

అందుకే ఎలక్ట్రానిక్ మిషను పెడతారు. తాడు లాగే చోట లోడ్ సెల్ ఉంటుంది. దాని లోపలి లోహం బరువుకు కంటికి కనపడనంత సాగుతుంది. దాని మీద అతికించిన సన్న తీగ కూడా సాగి, నిరోధం పెరుగుతుంది. ఆ తేడాను బట్టి బరువు తెలుస్తుంది. ట్రాలీ ఎంత దూరం పోయిందో ఇంకో పరికరం చెబుతుంది. చిన్న కంప్యూటరు రెంటినీ లెక్కగట్టి, హద్దు దగ్గరికి వస్తే బెల్లు కొడుతుంది. హద్దు దాటితే పైకి లేపడం, ముందుకు పోవడం బందు చేస్తుంది. కిందికి దించడం, వెనకకు రావడం మాత్రం ఆపదు. నాకు ఇదే బాగా నచ్చింది.

మా అన్న సెంట్రింగు పనికి పోయిన సైటుల ఒకరోజు బెల్లు మోగి కొక్కెం ఆగిందట. పని ఆగిందని మేస్త్రి కోపానికి వచ్చిండు. చూస్తే ఇనుప పలకకు ఒక బోల్టు గోడలనే ఉంది. క్రేను అట్లనే గుంజితే పలక ఒక్కసారి ఊడి ఊగేది. అన్న దాని పక్కనే నిలబడ్డడు. కొన్ని చోట్ల పని ఆగుతదని ఆ స్విచ్చునే వైరుతో కట్టేస్తరట. బెల్లు బందు చేస్తే బరువు తగ్గుతదా?

1998 నాటి నిర్మాణ కార్మికుల కేంద్ర నియమాల్లోనే ఇట్లాంటి హెచ్చరిక, ఆపే ఏర్పాటు ఉండాలని రాశారు.

అయితే మిషనుకు అన్నీ తెల్వవు. 2020 ఆగస్టు 1న విశాఖపట్నం హిందుస్థాన్ షిప్‌యార్డులో 70 టన్నుల క్రేనుకు బరువు పెట్టి పరీక్ష చేస్తుంటే అది కూలిపోయింది. 11 మంది చనిపోయారు. అది ఓడల దగ్గరి క్రేను, టవర్ క్రేను కాదు. కానీ ఏ క్రేనుకైనా బరువును కొలిచే మిషను, వదులైన బోల్టును, పగిలిన వెల్డింగును చూడలేదు. వాటిని మనుషులే ఎక్కి చూడాలె. పరీక్ష జరిగేటప్పుడు అవసరం లేనోళ్లు దూరంగా ఉండాలని నా అభిప్రాయం.

ఇప్పుడు మీకు ఒక లెక్క. ఒక ఘనపు మీటరు తడి కాంక్రీటు సుమారు 2400 కిలోలు. పైన చెప్పిన క్రేను దాన్ని 60 మీటర్ల దగ్గర లేపచ్చా? బకెట్టు బరువు మరువకండి. జవాబు కాగితం మీద రాసి 9వ తరగతిలో నాకు ఇవ్వండి.