బొమ్మరైలు కొలతలు

తాండూరు స్టేషనులో బండిని చూచి వచ్చిన బాలుడు అట్టముక్కలతో ఇంజను చేయ మొదలిడుట సహజము. మన బంట్వారమునకు ఇనుపదారి లేకపోవుటచే ఆ కోరిక మఱింత బలీయము. వాడీ జంక్షను నుండి తాండూరు, వికారాబాదుల మీదుగా సికిందరాబాదునకు 1874లో తెఱవబడిన దారిలో పట్టాల నడిమి యెడము 5 అడుగుల 6 అంగుళములు.

నమూనాలు చేయువారు తఱచుగా అడుగునకు 4 మిల్లీమీటర్ల లెక్కను వాడుదురు. ఆ చొప్పున మన యెడము 22 మిల్లీమీటర్లు. 9 అడుగుల స్లీపరు 36 మిల్లీమీటర్లు. ఆ లెక్క బండ్లకై అంగళ్లలో అమ్ము పట్టాలన్ననో 16.5 మిల్లీమీటర్లవి. చిక్కంతయు నిచ్చటనే యున్నది.

ఐర్లండు దేశస్థులకును ఇదే బాధ. 1846 నాటి చట్టము వారి దారికి 5 అడుగుల 3 అంగుళములు విధించెను. నమూనాలో నది 21 మిల్లీమీటర్లు కావలెను. అయినను పెక్కుమంది అంగడిపట్టాలనే పఱచుకొందురు. ప్రక్కనుండి చూచిన దోషము కానరాదు. ఎదుటనుండి చూచితిమా, కాళ్లు దగ్గఱకు ముడుచుకొని నిలిచిన ఎద్దువలె నుండును! కొందఱు మాత్రము ఇరుసులు మార్చి, పట్టాలను స్వయముగా బిగించుకొందురు.

కొనుటకు పైకము లేని మనకు ఆ రెండవ త్రోవయే అనువైనది. వెదురుబద్దలను 36 మిల్లీమీటర్లకు కోసి వరుసగా పేర్చవలెను. 22 మిల్లీమీటర్ల కొయ్యముక్క నొకదానిని నడుమ నుంచి, దాని కిరుప్రక్కల రేకు పట్టీలను ఆనించి అంటింపవలెను. ఆ కొయ్యముక్కను ముందునకు జరుపుకొనుచు పోవలెను. పెద్దదారిమీద గ్యాంగువారు గేజికడ్డీతో చేయు పనియు నిదియే.