గాలిపంపునకు తగిన విద్యుత్తు తీగ

పెద్దతిప్పసముద్రమునుండి మదనపల్లెకు టమాటాలు గొనిపోవు బండి చక్రమునకు త్రోవలో గాలి తగ్గినచో, 12 వోల్టుల బ్యాటరీతో నడచు చిన్న గాలిపంపు మిక్కిలి యుపకరించును. అయితే దాని తీగ సన్ననిదైనచో పైపొర కరగి నిప్పంటుకొనవచ్చును. కారణమును విచారింతము.

జౌల్ 1841లో ప్రకటించిన నియమము ననుసరించి, తీగలో పుట్టు వేడిమి ప్రవాహముయొక్క వర్గమునకును, నిరోధమునకును అనుపాతముగా నుండును. పంపు 15 ఆంపియర్లు గొనుననియు, జంటతీగ 5 మీటర్లనియు అనుకొందము. పోకరాకలకు 10 మీటర్లగును. రాగితీగ మందము 1 చదరపు మిల్లీమీటరైనచో నిరోధము సుమారు 0.18 ఓము, 2.7 వోల్టులు దారిలోనే నష్టమై, 40 వాట్లు వేడిమియగును. 2.5 చదరపు మిల్లీమీటర్లైనచో 16 వాట్లు మాత్రమే.

కావున మొదట పంపుపై వ్రాసిన ఆంపియర్లను చదువవలెను. సిగరెట్టు లైటరు సాకెట్టునకు సాధారణముగా 10 మొదలు 20 ఆంపియర్ల ఫ్యూజుండును. దానికి మించి గొను పంపును క్లిప్పులతో బ్యాటరీకే తగిలింపవలెను. ఆ తీగకు బ్యాటరీ చెంతనే ఫ్యూజుండవలెను. రాగిపూత గల అల్యూమినియము తీగ చౌకయే గాని నిరోధ మెక్కువ. వదులైన ప్లగ్గును వేడెక్కును.

విద్యార్థులారా, ఫ్యూజు కాలినచో దాని స్థానమున వట్టి తీగ చుట్టరాదని యింటివారికి తప్పక చెప్పుడు. కావలివానిని వెడలగొట్టి యిల్లు భద్రమనుకొనుట తగదని మేము తలంచుచున్నాము.