దిగబడిన జీపుకు జాకీ తోడు

శంషాబాద్ అనగానే మీకు విమానాలు గుర్తుకు వస్తాయి. 2008 మార్చి 23న హైదరాబాద్ విమానాల రాకపోకలు బేగంపేట నుంచి అక్కడికి మారాయి. బెంగుళూరు వెళ్ళే 44వ నెంబరు జాతీయ రహదారి, నగరాన్ని చుట్టివచ్చే 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు అక్కడే కలుసుకుంటాయి. ఈ రోడ్ల మీద బండి ఆగిపోయినా సాయం ఎంతో దూరంలో వుండదు.

కాని రోడ్డు దిగి కొంత పక్కకు వెళ్ళి చూడండి. ఎర్రటి చలక నేలలు, గ్రానైటు గుండ్లు, వాగులు, చెరువు శిఖాలు కనిపిస్తాయి. మూసీ ఉపనది ఈసీ మీద 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్ జలాశయం ఆ దగ్గరలోనే వుంది. ఇంకా పడమటికి, చేవెళ్ళ, వికారాబాద్‌ల వైపు పోతే నల్లరేగడి ఎదురవుతుంది. వాన పడిందా, రేగడిలో జీపు చక్రం ఇరుసుదాకా దిగబడుతుంది. నాలుగు చక్రాలూ తిరిగే జీపయినా సరే, బురదకు పట్టు లేకపోతే చక్రాలు వున్నచోటనే గిరగిర తిరిగి గుంటను మరింత లోతు చేస్తాయి.

ఇలాంటి చోట్లకు పోయే బండి తన సాయాన్ని తానే మోసుకుపోవాలి. జాకీ, పానా, పార, తాడు, చెక్క పలక వెంట వుండాలి. అవి వుంటే చాలదు. జాకీని నేల మీద ఎక్కడ నిలపాలి, బండిలో ఎక్కడ కట్టాలి అన్నది కూడా తెలియాలి. తెలియకపోతే సాయపడవలసిన పనిముట్టే ప్రాణం తీస్తుంది. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు మీ భౌతికశాస్త్ర పాఠంలోనే వుంది.

దూరం ఇచ్చి బలం తీసుకోవడం

జీపు ఒక్కొక్క చక్రం మీద 500 కిలోల బరువు వుందనుకుందాం. ఒక మనిషి దానిని చేతులతో లేపలేడు. కాని జాకీ పెడితే మీ అన్నయ్య ఒక్కడే లేపుతాడు. మరి ఆ బలం ఎక్కడనుంచి వచ్చింది?

జాకీ బలాన్ని పుట్టించదు. మన చెయ్యి ఎక్కువ దూరం కదిలితే, ఆ దూరాన్ని తాను తీసుకుని, బదులుగా బలాన్ని ఇస్తుంది. పెద్ద బండరాయి కింద గడ్డపార దూర్చి, చిన్న రాయిని ఆధారంగా పెట్టి నొక్కే రైతు చేసేదీ ఈ బేరమే. అతని చెయ్యి రెండు అడుగులు దిగితే బండ రెండు అంగుళాలు లేస్తుంది. అంటే బలం 12 రెట్లు.

స్క్రూ జాకీ లెక్క చూద్దాం. దాని మరల మధ్య దూరం 6 మిల్లీమీటర్లు, తిప్పే పిడి పొడవు 20 సెంటీమీటర్లు అనుకోండి. పిడిని ఒక చుట్టు తిప్పితే మన చెయ్యి 125 సెంటీమీటర్లకు పైగా ప్రయాణిస్తుంది. బండి మాత్రం 6 మిల్లీమీటర్లే లేస్తుంది. 1256ను 6తో భాగిస్తే సుమారు 209 వస్తుంది. ఘర్షణే లేకపోతే రెండున్నర కిలోల బలంతో 500 కిలోలు లేవాలి. కాని మనం పెట్టిన శ్రమలో ముప్పాతిక వంతు ఘర్షణ తినేసిందనుకున్నా, పది కిలోల బలం సరిపోతుంది. బండిని 15 సెంటీమీటర్లు లేపాలంటే 25 చుట్లు తిప్పాలి. అప్పటికి మన చెయ్యి 31 మీటర్లు నడిచినట్లు! బేరం ఎంత కచ్చితమైనదో చూశారా?

దొంగే కాపలాదారు

ఘర్షణ మన శ్రమను దొంగిలిస్తుందని విసుక్కోకండి. పిడి వదిలేస్తే బండి బరువుకు స్క్రూ వెనక్కు తిరిగి బండి దిగిపోవాలి కదా! ఎందుకు దిగదు? మనం చేసిన పనిలో సగానికన్న ఎక్కువ ఘర్షణకు పోయే స్క్రూ భారం వల్ల తనంతట తాను వెనక్కు తిరగదు. దొంగే ఇక్కడ కాపలా కాస్తున్నాడన్న మాట. అందుకే స్క్రూ జాకీ పని నెమ్మదయినా నమ్మకమైనది. వజ్రాకారంలో ముడుచుకునే కత్తెర జాకీలో వున్నదీ స్క్రూనే.

రెండవ రకం ద్రవ జాకీ. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాస్కల్ 17వ శతాబ్దంలో చెప్పిన నియమం మీద ఇది పనిచేస్తుంది. మూసివున్న ద్రవంపై ఒకచోట కలిగించిన పీడనం అన్నివైపులకూ ఒకేలా పోతుంది. ఒక చదరపు సెంటీమీటరు వైశాల్యమున్న చిన్న పిస్టన్ మీద 75 కిలోల బలం పడితే, 12 చదరపు సెంటీమీటర్ల పెద్ద పిస్టన్ మీద 900 కిలోల బలం వస్తుంది. ఆ 75 కిలోలు పుట్టించటానికి పొడవాటి పిడి గడ్డపారలా సాయపడుతుంది. ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా 1795లోనే ఈ సూత్రంతో ద్రవ ప్రెస్సుకు పేటెంటు పొందాడు. ఇందులో నూనె కారకుండా ఆపే వలయాలు అరిగితే, లేచిన బండి మెల్లగా దిగిపోవచ్చు. సంగతి గుర్తుంచుకోండి.

మూడవది మెట్లెక్కే జాకీ. ఒకటి కన్న ఎక్కువ మీటరు పొడవుండే ఉక్కు పట్టీకి వరసగా రంధ్రాలుంటాయి. రెండు పిన్నులు వంతులవారీగా ఒక్కొక్క రంధ్రంలోకి దూరుతూ, కొబ్బరిచెట్టు ఎక్కే మనిషి కాళ్ళూ చేతుల్లా పైకి పోతాయి. ఇది జీపును బాగా ఎత్తుకు లేపగలదు. కాని 13 కిలోల దాకా బరువుంటుంది. బరువు దాని మీద వుండగా పిడిని సగంలో వదిలితే అది కొరడాలా ఎగిరి దవడ పగలగొట్టగలదు. పిన్నుల్లో బురద చేరితే అవి పట్టుకోవు. కనుక ప్రతి ప్రయాణానికి ముందు కడిగి, నూనె వేయాలి.

కాలు ఆనే చోటు

జాకీ జీపును పైకి నెట్టినప్పుడు, అంతే బలంతో నేలను కిందికి నెడుతుంది. జాకీ అడుగు 10 సెం.మీ. వెడల్పు, 15 సెం.మీ. పొడవు వుందనుకోండి. వైశాల్యం 150 చదరపు సెంటీమీటర్లు. 500 కిలోల బరువుకు ఒక్కొక్క చదరపు సెంటీమీటరు మీద 3 కిలోలకు పైగా పడుతుంది. సిమెంటు రోడ్డు దీన్ని లెక్కచేయదు. తడిసిన రేగడి భరించలేదు. జీపు లేచే బదులు జాకీయే భూమిలోకి దిగుతుంది!

ఇప్పుడు జాకీ కింద 30 సెం.మీ. వెడల్పు, 40 సెం.మీ. పొడవు వున్న మందపాటి చెక్క పలక వేయండి. వైశాల్యం 1200 చదరపు సెంటీమీటర్లకు పెరిగింది. పీడనం అర కిలోకన్న తక్కువకు పడిపోయింది. బరువు తగ్గలేదు, పరుచుకుందంతే. పెద్ద జాకీ కొనేవాళ్ళు చాలామంది వుంటారు. పలక మరచిపోయేవాళ్ళు అంతకన్న ఎక్కువ. బురదలో మాత్రం పలక లేని జాకీ అక్కరకు రాదు.

విమానాశ్రయాల్లో కూడా ఇదే లెక్క. రన్‌వే దాటి మెత్తని నేలలో దిగబడిన విమానాన్ని లేపటానికి పెద్ద గాలి సంచులు వాడతారు. రెండు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల పొడవు వున్న సంచి వైశాల్యం 60,000 చదరపు సెంటీమీటర్లు. అందులో చదరపు సెంటీమీటరుకు పావుకిలో పీడనం చాలు, సంచి పూర్తిగా ఆనితే 15 టన్నుల బలం వస్తుంది. కారు టైరులో వుండే గాలి పీడనం దీనికి ఎనిమిది రెట్లు! ఇంత తక్కువ పీడనం కావటం వల్లనే విమానం పలుచని రేకు చొట్టపోదు, కింద నేలా కుంగదు.

బండిలో ఎక్కడ కట్టాలి?

ఇక రెండవ ప్రశ్న. జాకీ, పలక, పార, తాడు, అదనపు సామాను కలిపి 60 కిలోలయిందనుకోండి. పైకప్పు మీద కడితే చోటు కలిసివస్తుంది కదా అంటారు. లెక్కవేద్దాం. 1500 కిలోల జీపు గరిమనాభి నేలకు 70 సెం.మీ. ఎత్తున వుందనుకుందాం. 190 సెం.మీ. ఎత్తున కప్పు మీద 60 కిలోలు పెడితే గరిమనాభి నాలుగున్నర సెంటీమీటర్లు పైకి పోతుంది. అదే సామాను కింద, నేలకు 60 సెం.మీ. ఎత్తులో పెడితే కాస్త దిగుతుంది కూడా. రోడ్డు మీద ఈ తేడా మీకు తెలియకపోవచ్చు. కాని చెరువు కట్ట వాలు మీద ఒక పక్కకు ఒరిగినప్పుడు, గరిమనాభి నుంచి నిట్టనిలువుగా దిగే గీత చక్రాల మధ్యలోనే వుండాలి. బయటికి పోయిందా, జీపు పల్టీ కొడుతుంది.

రెండవ ప్రపంచ యుద్ధంలో వాడిన విల్లీస్ జీపును చూడండి. దాని పార, గొడ్డలి రెండూ డ్రైవరు పక్కన, బండి బయటివైపు, తలుపుండవలసిన చోటుకు కిందుగా కట్టివుంటాయి. బరువు కిందికి వుంది. బండి దిగగానే చేతికి అందుతాయి. లోపల కూర్చున్నవాళ్ళ మీద పడవు. ఇలాంటి విల్లీస్ జీపులనే తరువాత మహీంద్రా కంపెనీ బొంబాయిలో బిగించి అమ్మటం మొదలుపెట్టింది.

"లోపల కూర్చున్నవాళ్ళ మీద పడవు" అన్న మాట చిన్నది కాదు. బండి హఠాత్తుగా దేనికో గుద్దుకుని ఆగితే, జడత్వం వల్ల కట్టని సామాను అదే వేగంతో ముందుకు దూసుకువస్తుంది. 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే జాకీ దెబ్బ, మూడున్నర మీటర్ల ఎత్తునుంచి పడిన జాకీ దెబ్బతో సమానం. 60 కిలోమీటర్ల వేగమయితే 14 మీటర్ల ఎత్తు, అంటే నాలుగంతస్తుల మేడ. 90 అయితే 32 మీటర్లు. వేగం రెట్టింపయితే దెబ్బ నాలుగు రెట్లవుతుంది. వెనక సీటు కింద వదులుగా పడివున్న పానా మీ తల వెనకనే వుందని మరవకండి. సామానును పట్టీలతో నేలకు బిగించి కట్టాలి. ద్రవ జాకీని నిలువుగా నిలబెట్టి కడితే మంచిది, నూనె కారదు.

ప్రతి పనిముట్టుకూ ఒక నీడ

శంషాబాద్ విమానాశ్రయ ప్రాంగణంలో విమానాలను మరమ్మతు చేసే హాంగర్లు వున్నాయి. మరమ్మతు చేసేటప్పుడు విమానాన్ని రెక్కల కింద, ముక్కు కింద మూడు కాళ్ళ జాకీలు పెట్టి లేపుతారు. విమానం తన జాకీలను వెంట మోసుకుపోదు. దిగే చోట అవి సిద్ధంగా వుంటాయి కనుక ఆ బరువు అనవసరం. మన జీపు దిగబడే చోట ఎవరూ వుండరు కనుక ఆ బరువు అవసరం. ఏం మోయాలన్నది సాయం ఎంత దూరంలో వుందన్న దాని మీద ఆధారపడుతుంది.

విమానాల మరమ్మతులో పాటించే ఒక మంచి పద్ధతి వుంది. పనిముట్లు తగిలించే పలక మీద ఒక్కొక్క పనిముట్టు ఆకారాన్ని నీడలా గీసి వుంచుతారు. పని ముగిశాక ఒక నీడ ఖాళీగా కనిపిస్తే పానా ఎక్కడో మిగిలిపోయిందన్న మాట. అది దొరికేదాకా విమానం కదలదు. ఎందుకింత పట్టుదల? 2000 జూలై 25న పారిస్‌లో మరో విమానం నుంచి రన్‌వే మీద రాలిన, సుమారు 43 సెంటీమీటర్ల లోహపు బద్ద కాంకార్డ్ విమానం టైరును కోసింది. టైరు ముక్క ఎగిరి రెక్కలోని ఇంధనపు తొట్టికి తగిలింది. మంటలు లేచి విమానం కూలింది. 113 మంది మరణించారు. తన చోట్లో లేని ఒక చిన్న ముక్క ఎంత పని చేసిందో చూడండి. జీపు డబ్బాలో కూడా ఇలాంటి నీడలు గీసుకుంటే, చీకట్లో బయలుదేరేటప్పుడు పలక మరచిపోరు, పార వాగులో వదిలి రారు.

పని వరుస

చక్రం దిగబడితే మొదట పారతో చక్రం ముందరి మట్టి తీయండి. సగం సార్లు జాకీ అవసరమే రాదు. అప్పటికీ రాకపోతే, చేతి బ్రేకు వేసి, మిగతా చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు అడ్డం పెట్టి, పలక మీద జాకీ నిలిపి చక్రాన్ని లేపాలి. కింద ఏర్పడిన గుంటలో రాళ్ళు, కొమ్మలు నింపి మెల్లగా దించాలి. చేతులు లోపలికి పెట్టకుండా పారతోనో కర్రతోనో నెట్టాలి. చక్రం మార్చవలసి వుంటే నట్లను లేపకముందే వదులు చేయాలి. గాలిలో వున్న చక్రం పానాతో పాటే తిరుగుతుంది, ఆ ఊపుకు బండి జాకీ మీదనుంచి జారవచ్చు.

జాకీ లేపటానికే గాని, మోస్తూ వుండటానికి కాదు. కేవలం జాకీ మీద నిలిచిన బండి కిందికి ఒక్క నిమిషమైనా దూరరాదు. ఈ పనులన్నీ పెద్దలవి. కాని పక్కన నిలబడి "పలక వేశారా? రాళ్ళు పెట్టారా?" అని అడగటం మీ వంతు.

మీరే చేసి చూడండి

ఒక పళ్ళెంలో తడిమట్టి మెత్తగా పరవండి. అగ్గిపెట్టెను నిలువుగా నిలిపి దాని మీద ఒక పుస్తకం పెట్టండి, పడకుండా వేళ్ళతో పట్టుకోండి. ఎంత దిగిందో కొలవండి. తరువాత అగ్గిపెట్టె కింద పోస్టుకార్డంత అట్టముక్క వేసి మళ్ళీ చూడండి.

ఆలోచించండి: పిడి పొడవు రెట్టింపు చేస్తే స్క్రూ జాకీకి ఎంత బలం సరిపోతుంది? అప్పుడు చెయ్యి ఎంత దూరం నడవాలి? ఈ రెండు జవాబులూ కలిపి చూస్తే, ప్రకృతి ఏదీ ఉచితంగా ఇవ్వదని మీకే తెలుస్తుంది.