సంఘానికి ల్యాప్‌టాప్: కొత్తదా, రీఫర్బిష్డా?

కాటా, పాల పరీక్ష యంత్రం చూపిన అంకెలను చేతితో పుస్తకంలో ఎక్కించే రోజులు చాలా సంఘాలలో వెళ్లిపోయాయి. రెండు పూటలా పోసిన పాలు, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., దాణా బాకీ అన్నీ కంప్యూటరులోనే ఉంటున్నాయి. బిల్లు రోజున ఆ యంత్రం మొరాయిస్తే ఇబ్బంది పడేది కార్యదర్శి ఒక్కడే కాదు. ఆ డబ్బుతో దాణా, పిల్లల ఫీజు సర్దుకోవలసిన పాడి రైతు. అందుచేత సంఘానికి ల్యాప్‌టాప్ కొనదలచిన పాలకవర్గాలకు, కార్యదర్శులకు కొన్ని సంగతులు తెలియజేస్తున్నాము.

రీఫర్బిష్డ్ అంటే ఏమిటి?

పెద్ద కంపెనీలు తమ ఉద్యోగుల ల్యాప్‌టాపులను కొన్నేళ్లకొకసారి మార్చివేస్తాయి. వ్యాపారులు వాటిని కొని, పరీక్షించి, చెడిన భాగాలు మార్చి, కొంతకాలం గ్యారంటీతో తిరిగి అమ్ముతారు. దీనినే రీఫర్బిష్డ్ అంటారు. ఒకరు వాడినదానిని ఉన్నదున్నట్టు అమ్మితే అది సెకండ్‌హాండ్ మాత్రమే. డెల్ లాటిట్యూడ్, లెనోవో థింక్‌ప్యాడ్, హెచ్.పి. ఎలైట్‌బుక్ వంటివి ఆఫీసు పనికోసం గట్టిగా తయారు చేసినవి గనుక ఈ బజారులో ఎక్కువగా కనిపిస్తాయి.

ధర కాదు, ఏడాది ఖర్చు చూడాలి

గేదెను కొనేటప్పుడు మనం ధర ఒక్కటే అడగము. ఎన్నో ఈత అని అడిగి, పళ్లు చూసి, రెండు పూటలు పాలు పిండించి చూసిన తరువాతే బయానా ఇస్తాము. ల్యాప్‌టాపుకూ ఇదే నీతి. ఇంకా ఎన్నేళ్ల పని దానిలో మిగిలి ఉందన్నదే ముఖ్యం.

లెక్క తెలియడానికి కొన్ని అంకెలు అనుకుందాము. ఇవి బజారు ధరలు కావు. కొత్తది 42,000 రూపాయలు, ఆరేళ్లు పనిచేస్తే ఏడాదికి 7,000. రీఫర్బిష్డ్‌ది 21,000, మూడేళ్లు పనిచేస్తే అదీ ఏడాదికి 7,000. మధ్యలో 3,000తో బ్యాటరీ మార్చవలసి వస్తే ఏడాదికి 8,000 అవుతుంది. అంటే సగం ధరకు దొరికినంత మాత్రాన లాభం లేదు. అదే యంత్రం 15,000కు వస్తే, బ్యాటరీతో కలిపి 18,000, ఏడాదికి 6,000. అప్పుడే సంఘానికి మిగులు.

కొనేముందు చూడవలసినవి

(1) ప్రాసెసరు: విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్ రకమైతే, కొద్ది మినహాయింపులు తప్ప, ఎనిమిదవ తరం లేదా ఆ తరువాతిది ఉండాలి. ఐ5-8350యు అని ఉంటే గీత తరువాతి 8 తరాన్ని తెలుపుతుంది. ఐ5-1135జి7 అంటే పదకొండవ తరం. ‘ఐ5’ అని మాత్రమే చెప్పి ఊరుకునే వ్యాపారిని తరం ఏదో తప్పక అడగండి.

(2) బ్యాటరీ: విండోస్‌లో బ్యాటరీ రిపోర్టు తీయించండి. తయారైనప్పటి శక్తి 50,000, ఇప్పుడు నిండేది 30,000 అని చూపితే మిగిలినది అరవై శాతమే. కరెంటు పోయే ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు.

(3) మెమరీ: ర్యామ్ 8 జీబీ, ఎస్.ఎస్.డి. 256 జీబీ ఉంటే సంఘం లెక్కలకు సరిపోతుంది.

(4) పోర్టులు: పాత కాటాలు, పాల పరీక్ష యంత్రాలు చాలావరకు తొమ్మిది సూదుల ఆర్.ఎస్.-232 తీగతో కలుస్తాయి. ఈనాటి ల్యాప్‌టాపులలో సాధారణంగా ఆ పోర్టు ఉండదు; కొత్తదానికైనా యు.ఎస్.బి. కన్వర్టరు కావాలి. మీ యంత్రాలకు కలిపి, నమూనా పాలు పోసి అంకెలు వస్తున్నవో లేదో చూసిన తరువాతే సొమ్ము చెల్లించండి.

(5) బిల్లు: అడుగున ఉన్న సీరియల్ నంబరు, బిల్లులోని నంబరు ఒకటే కావాలి. గ్యారంటీ ఎన్ని నెలలో, మరమ్మతు ఏ ఊరిలో చేస్తారో బిల్లు మీదనే వ్రాయించండి. విండోస్ లైసెన్సు సరైనదేనని, పాత యజమాని పాస్‌వర్డు ఏదీ మిగలలేదని చూసుకోండి. నోటిమాట ఆడిట్‌లో నిలువదు.

ఏ సంఘానికి ఏది?

సంఘం పనంతా ఒక్క యంత్రం మీదనే నడిచేట్లయితే, నిధి అనుమతించినంతవరకు కొత్తది కొనడమే క్షేమము. ఒకటి ఇప్పటికే ఉండి, అది పాడైనప్పుడు ఆదుకునేందుకు రెండవది కావాలంటే, పై పరీక్షలలో నెగ్గిన రీఫర్బిష్డ్ చాలును. నిధి చాలని చిన్న సంఘం కూడా దీనిని నిస్సంకోచంగా కొనవచ్చు. అయితే కొత్త బ్యాటరీకి సొమ్ము పక్కన పెట్టుకోవాలి.

ఏది కొన్నా కొటేషన్లు తెప్పించి, పాలకవర్గ తీర్మానం వ్రాసి, స్టాకు రిజిస్టరులో నమోదు చేయాలి. ప్రతి సాయంత్రం లెక్కల నకలు పెన్‌డ్రైవులో తీసి, ల్యాప్‌టాప్ ఉన్న గదిలో కాక వేరొక చోట భద్రపరచాలి. పాతదానిని అమ్మేముందు సభ్యుల బ్యాంకు ఖాతా వివరాలను తిరిగి తీయరాని విధంగా తుడిపించాలి. యంత్రం చెడితే మరొకటి కొనవచ్చు. సభ్యుడు పోసిన పాల లెక్క పోతే దానిని ఏ బజారులోనూ కొనలేము.